దీర్ఘకాలం నిలిచిపోయిన పాత కారుకు సరసమైన ధర: సికింద్రాబాదు నేపథ్యంలో మూల్యాంకన పద్ధతి

వ్యాససంగ్రహం:

సికింద్రాబాదులోని పాత బంగళాల షెడ్లలో దశాబ్దాల తరబడి కదలకుండా ఉండిపోయిన కార్లు, ఆ ఇళ్లు చేతులు మారేటప్పుడు ఒక్కసారిగా అమ్మకానికి వస్తున్నాయి. వారసులకు వాటి విలువ తెలియదు. కొనేవారికి వాటి లోపల ఏముందో తెలియదు. ఈ రెండు అజ్ఞానాల మధ్య కుదిరే బేరంలో ఎవరో ఒకరు నష్టపోతారు. నిల్వ కాలం కారుకు చేసే నష్టం, మోడల్‌ను బట్టి మారే మరమ్మతు భారం, రిజిస్ట్రేషన్ కాగితాల స్థితి, అసలుతనం అనే నాలుగు అంశాలను లెక్కలోకి తీసుకొని సరసమైన ధరను అంచనా వేసే పద్ధతిని ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: క్లాసిక్ కార్లు, వింటేజ్ వాహనాలు, సికింద్రాబాదు, మూల్యాంకనం, సరసమైన ధర, అంబాసిడర్, రిజిస్ట్రేషన్.

1. ఉపోద్ఘాతం:

1806లో కంటోన్మెంటుగా పుట్టి, మూడవ నిజాం సికిందర్ జా పేరును ధరించిన సికింద్రాబాదు, మోటారు వాహనాలకు మొదటినుంచీ అనుకూలమైన ఊరు. సైనికాధికారులు, రైల్వే ఉద్యోగులు, వైద్యులు, వ్యాపారులు విశాలమైన ఆవరణలున్న ఇళ్లలో నివసించారు. ఆ ఇళ్లకు కారు షెడ్డు ఒక సహజ భాగం. మారేడుపల్లి, తిరుమలగిరి, బోయినపల్లి ప్రాంతాలలో అటువంటి ఇళ్లు నేటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. యజమాని వృద్ధుడై కారు నడపడం మానివేస్తాడు. పిల్లలు వేరే ఊళ్లలోనో, వేరే దేశాలలోనో స్థిరపడతారు. కారు మీద టార్పాలిన్ కప్పుతారు. ఏళ్లు గడుస్తాయి. చివరికి స్థలం అపార్టుమెంటు నిర్మాణానికి ఒప్పందమైనప్పుడు, షెడ్డు ఖాళీ చేయవలసిన వారం రోజుల ముందు ఆ కారు గుర్తుకు వస్తుంది.

అటువంటి సమయంలో రెండు విధాలైన పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, తుక్కు బరువు లెక్కన కారును వదిలించుకోవడం. రెండవది, ఎక్కడో లక్షలు పలికిన మరొక కారును చూసి అదే ధర ఆశించడం. 'చచ్చినవాడి కళ్లు చారెడు' అన్న సామెత మనుషులకే కాదు, ఆగిపోయిన కార్లకు కూడా వర్తిస్తుంది. నాన్నగారి కారు ఆగిపోయే నాటికి చక్కగా నడిచేదని కుటుంబం చెప్పే మాట అబద్ధం కాదు. కాని ఆ మాట ఇరవై ఏళ్ల కిందటి కారును గురించి. నేడు అమ్ముతున్నది వేరొక కారు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే మూల్యాంకనం.

2. పదాల పరిధి:

వ్యవహారంలో 'పాత కారు', 'క్లాసిక్', 'వింటేజ్' అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. ధర విషయంలో ఇవి వేర్వేరు. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య 'ఫీవా' నిర్వచనం ప్రకారం, కనీసం 30 ఏళ్ల వయసు ఉండి, చారిత్రకంగా సరైన స్థితిలో రక్షింపబడుతూ, నిత్య ప్రయాణానికి వాడని వాహనమే చారిత్రక వాహనం. భారతదేశంలో మోటారు బీమా సుంకాల పట్టిక వింటేజ్ కారుకు 1940 డిసెంబరు 31ని హద్దుగా పెట్టింది. 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు మాత్రం మరొక కొలమానాన్ని తెచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుండి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరగకుండా మూలరూపంలో ఉన్నట్లయితే, వాటిని వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు.

ఈ హద్దు ఏటేటా ముందుకు జరిగేది కావడం గమనార్హం. 1968లో రిజిస్టరైన అంబాసిడర్ 2018లోనే 50 ఏళ్లు పూర్తి చేసుకొంది. 1985 నాటి ప్రీమియర్ పద్మినికి ఆ అర్హత 2035 వరకు రాదు. కాబట్టి రెండూ షెడ్డులో పక్కపక్కనే ఉన్నా, చట్టం దృష్టిలో ఒకటి వారసత్వ వస్తువు, మరొకటి గడువు మీరిన వాహనం మాత్రమే.

3. 'సరసమైన ధర' అంటే ఏమిటి?

ఏ ఒత్తిడీ లేని అమ్మకందారు, ఏ ఒత్తిడీ లేని కొనుగోలుదారు, వస్తువు గురించిన వాస్తవాలు ఇద్దరికీ తెలిసి ఉన్న స్థితిలో ఒప్పుకొనే మొత్తమే సరసమైన ధర. ఈ నిర్వచనంలో మూడు షరతులున్నాయి. వారం రోజుల్లో షెడ్డు ఖాళీ చేయవలసిన వారసునికి మొదటి షరతు లేదు. తాతగారు నడిపిన మోడల్ కోసమే వెతికే కొనుగోలుదారుకు రెండవది లేదు. ఇంజను తిరుగుతుందో లేదో ఎవరికీ తెలియని బేరంలో మూడవది లేదు.

మన దేశంలో కార్లకు 'సరసమైన ధర' అనే భావనకు ఒక చరిత్ర ఉంది. 1960లలో సామాన్య కొనుగోలుదారుకు అందుబాటులో ఉన్నవి ప్రధానంగా మూడే కార్లు: హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి ఫియట్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ వారి హెరాల్డ్. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అందువల్ల వాడిన కారుకు కూడా కొత్తదాని కంటే ఎక్కువ ధర పలికే విచిత్ర స్థితి ఏర్పడింది. 1969లో కేంద్ర ప్రభుత్వం, 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం కింద ఈ మూడు కార్ల ధరలను నిర్ణయించింది. తయారీదారులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. కోర్టు ఒక విచారణ సంఘం ద్వారా ఉత్పత్తి వ్యయాన్ని, పెట్టుబడిపై రావలసిన రాబడిని పరిశీలింపజేసి 1971లో తీర్పు చెప్పింది. నేడు షెడ్లలో కనిపించే పాత కార్లలో అధికభాగం ఈ మూడు మోడళ్లే.

నాటి న్యాయస్థానం ఉత్పత్తి వ్యయం ఆధారంగా ధర కట్టింది. ఆ పద్ధతి నిలిచిపోయిన కారుకు పనికిరాదు, ఎందుకంటే దాన్ని తిరిగి తయారు చేసేవారు లేరు. వయసును బట్టి విలువ తగ్గించే బీమా పద్ధతి కూడా పనికిరాదు. బీమా సంస్థలు ఆరు నెలలలోపు కారుకు 5 శాతం మొదలుకొని, నాలుగు నుండి ఐదేళ్ల కారుకు 50 శాతం వరకు విలువ తగ్గిస్తాయి. ఐదేళ్లు దాటిన తరువాత ఆ పట్టిక ఆగిపోతుంది. అక్కడినుండి ఇరుపక్షాల అంగీకారమే విలువ. అంటే యాభై ఏళ్ల కారు విషయంలో పట్టికలేవీ మనకు తోడురావు. మిగిలింది ఒక్కటే మార్గం. అదే మోడల్ కారు నడిచే స్థితిలో ఎంత పలుకుతుందో తెలుసుకొని, మన కారును ఆ స్థితికి తేవడానికి అయ్యే వ్యయాన్ని అందులోనుండి తీసివేయడం.

4. నిల్వ కాలం చేసే నష్టం:

వాడకం వల్ల కారు అరుగుతుంది. వాడకపోవడం వల్ల పాడవుతుంది. అరుగుదలను మీటరు చూపిస్తుంది. పాడవడాన్ని చూపే మీటరు లేదు. 'కేవలం 40,000 కిలోమీటర్లే తిరిగింది' అనే మాట నిలిచిపోయిన కారు విషయంలో సగం సమాచారమే.

4.1 ఇంజను: సిలిండర్ గోడలకు అంటి ఉన్న నూనె పొర కాలక్రమంలో జారిపోతుంది. తెరిచి ఉన్న వాల్వు గుండా వర్షాకాలపు తేమ లోపలికి చేరుతుంది. పిస్టన్ రింగులు తుప్పుతో గోడలకు అతుక్కొని ఇంజను పట్టేస్తుంది. కొన్ని సందర్భాలలో నూనె పోసి కొన్ని రోజులు నాననిస్తే వదులుతుంది. తుప్పు లోతుగా తిన్నట్లయితే బ్లాకు బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు వేయవలసిందే.

4.2 ఇంధన వ్యవస్థ: నిల్వ ఉన్న పెట్రోలు ఆవిరై జిగురుగా మారి కార్బురేటర్ సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ట్యాంకు లోపల తుప్పు రేకులు కడుతుంది. దీనికి తోడు మరొక విషయం ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 సంవత్సరానికి ఆగిపోయింది; నేడు బంకులలో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అంతకుముందే ఆగిపోయిన కారు ఈ ఇంధనాన్ని ఎన్నడూ చూడలేదు. దాని రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకొనేలా తయారైనవి కావు. వాల్వు సీట్లు సీసం కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేసినవి. కాబట్టి 'పెట్రోలు పోస్తే నడుస్తుంది' అన్న కారుకు కూడా ఈ ఖర్చు తప్పదు.

4.3 బ్రేకులు: బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. ఆ తేమ వల్ల మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్ల లోపలి గోడలపై గుంటలు పడతాయి. ఇది బయటికి కనిపించదు. నిలిచిపోయిన కారును కొన్న రోజే నడుపుకుంటూ ఇంటికి తీసుకువెళ్లడం ప్రాణాపాయం. లారీ మీద తరలించే ఖర్చును ధరలో కలిపి చూడవలసిందే.

4.4 బాడీ: దక్కను పీఠభూమిపై గాలి పొడిగా ఉండటం సికింద్రాబాదు కార్లకు అదృష్టం. విశాఖపట్నం, చెన్నై వంటి తీరప్రాంతాల ఉప్పుగాలి తినివేసే వేగంతో ఇక్కడ తుప్పు పట్టదు. అయితే 40 డిగ్రీలు దాటే వేసవి రబ్బరును, సీట్లను, చెక్క భాగాలను పగులగొడుతుంది. కప్పిన టార్పాలిన్ కింద వర్షాకాలపు తేమ చిక్కుకొని పైకప్పు రేకును కూడా తింటుంది. అన్నిటికంటే ముఖ్యంగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 2000 ఆగస్టులో బేగంపేట పరిసరాలను ముంచిన వరదలోనూ, 2020 అక్టోబరు వర్షాలలోనూ ఆ షెడ్డులోకి నీరు వచ్చిందా? చక్రాల సగం వరకు నీళ్లలో ఒక రాత్రి నిలిచిన కారు, పదేళ్ల పొడి నిల్వ కంటే ఎక్కువ నష్టపోతుంది. షెడ్డు గోడ మీది నీటి చార ఈ ప్రశ్నకు యజమాని కంటే నిజాయితీగా జవాబు చెబుతుంది.

4.5 వైరింగు: ఎలుకలు వైర్లను కొరికివేయడం షెడ్డు కార్లలో సర్వసాధారణం. తెగిన వైరుతో బ్యాటరీ కలపడం అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది. కాబట్టి వైరింగు మొత్తాన్ని పరిశీలించిన తరువాతే ఇంజను ప్రయత్నించాలి.

5. మోడల్‌ను బట్టి మారే లెక్క:

ఒకే స్థాయి తుప్పు అన్ని కార్లలోనూ ఒకే నష్టం కాదు. బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది. 1964 నుండి బొంబాయిలో తయారై, 1970లలో పద్మినిగా పేరు మారిన ఫియట్ 1100 కూడా అంతే. ఈ రెండింటిలో తలుపుల కింది అంచులు, నేల రేకు, స్ప్రింగులు అతికే చోట్లు తుప్పు పట్టాయంటే కారు వెన్నెముకే దెబ్బతిన్నట్లు. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మాత్రం వేరే ఛాసిస్ ఉంది. దానిలో బాడీ రేకు తుప్పు కంటే కింది ఛాసిస్ తుప్పు ప్రధానం.

విడిభాగాల లభ్యత రెండవ అంశం. అంబాసిడర్, పద్మిని కార్లు దశాబ్దాల పాటు టాక్సీలుగా తిరిగాయి. అందువల్ల వాటి యాంత్రిక భాగాలు రాణీగంజ్ వంటి విడిభాగాల బజార్లలో చాలాకాలం సులభంగా దొరికాయి. వాటిని విప్పి బిగించగల మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. హెరాల్డ్ ఉత్పత్తి 1970ల ఆరంభంలోనే ముగిసింది. అది అరుదైనది కాబట్టి విలువైనదని అమ్మకందారు అంటాడు. అరుదైనది కాబట్టి భాగాలు దొరకవని కొనుగోలుదారు అంటాడు. ఇద్దరి మాటా నిజమే. అరుదుతనం పూర్తిగా ఉన్న కారు ధరను పెంచుతుంది, భాగాలు లోపించిన కారు ధరను తగ్గిస్తుంది. విరిగిన ముందు అద్దం, పోయిన గ్రిల్లు, మాయమైన మీటరు అంబాసిడర్‌లో చిన్న లోపాలు. హెరాల్డ్‌లో అవే బేరాన్ని ఆపగలిగే లోపాలు.

మూడవది ఇంజను మార్పిడి. డీజిల్ చవకగా ఉన్న రోజులలో అనేక పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు వేశారు. ఆ మార్పు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉండకపోతే చట్టపరమైన చిక్కు. నమోదై ఉన్నప్పటికీ మూలరూపం పోయినట్లే కాబట్టి వింటేజ్ అర్హత ప్రశ్నార్థకమవుతుంది.

6. కాగితాల విలువ:

కాగితాలు లేని కారు, ఎంత అందంగా ఉన్నా, విడిభాగాల సమూహమే. పరిశీలన ఈ క్రమంలో జరగాలి.

మొదట, ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోతున్నాయా అన్నది చూడాలి. తరువాత రిజిస్ట్రేషన్ సంఖ్యను చదవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చిన తరువాత సికింద్రాబాదు వాహనాలకు ఏపీ–10 సంకేతం వచ్చింది. రాష్ట్ర విభజనతో 2014లో అది టీఎస్–10గా, 2024లో టీజీ–10గా మారింది. అంతకు ముందరి మూడక్షరాల పాత సంఖ్య ఉన్న కారు, అదే సంఖ్యతో నేటికీ ఉన్నదంటే అది దాని జన్మపత్రికలో ముఖ్యమైన పంక్తి.

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆ తరువాత ఐదేసి ఏళ్ల చొప్పున చెల్లుతుంది. నిలిచిపోయిన కారుకు ఈ గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. కార్ల పునఃరిజిస్ట్రేషన్ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల స్థానంలో 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో అది 10,000 రూపాయలకు పెరిగింది. హరిత పన్ను, ఆలస్య రుసుములు వీటికి అదనం.

యజమాని మరణించినట్లయితే వారసులు 31వ నమూనా పత్రంతో మూడు నెలలలోపు బదిలీకి దరఖాస్తు చేయాలి. ఎక్కువ కుటుంబాలు ఈ పని చేయవు. ఇరవై ఏళ్ల తరువాత అమ్మకానికి వచ్చినప్పుడు ముగ్గురు నలుగురు వారసుల సంతకాలు కావలసి వస్తుంది. అందులో ఒకరు విదేశంలో ఉంటారు, ఒకరు మాట్లాడుకోరు. అమ్మేవాని సంతకానికి అధికారం ఉన్నదా అని కొనుగోలుదారు అడగడం అవమానం కాదు, అవసరం.

వింటేజ్ నమోదు మరొక మార్గం. దీనికి కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తరువాత పునర్నమోదుకు 5,000 రూపాయలు. ముందే రిజిస్టరైన కారు తన పాత సంఖ్యను నిలుపుకోవచ్చు; కొత్తగా సంఖ్య పొందేవాటికి రాష్ట్ర సంకేతం తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. అయితే అటువంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం కోసం, మరమ్మతు కోసం మాత్రమే రోడ్డుపైకి తీసుకురావాలి. ఆదివారం ప్యారడైజ్ కూడలి దాకా బిర్యానీ కోసం వెళ్లడానికి కొనే వ్యక్తికి ఈ నమోదు విలువ తక్కువ. సేకరణ కోసం కొనే వ్యక్తికి ఎక్కువ.

7. లెక్క కట్టే విధానం – ఒక ఉదాహరణ:

1968 నాటి అంబాసిడర్ మార్క్–2 ఒకటి పొడి షెడ్డులో 20 ఏళ్లుగా ఉన్నదనుకుందాం. కాగితాలు ఉన్నాయి, భాగాలు అన్నీ ఉన్నాయి, ఇంజను తిరగడం లేదు. కింది అంకెలు లెక్క పద్ధతిని చూపడానికి ఊహించినవి మాత్రమే. వాస్తవ బేరంలో నాటి ధరలను కనుక్కొని వాటి స్థానంలో వేసుకోవాలి.

ఇటువంటి కారు రంగు వేసి, నడిచే మంచి స్థితిలో 4,00,000 రూపాయలకు అమ్ముడవుతున్నదని అనుకుందాం. అడుగుతున్న ధర వేరు, అమ్ముడైన ధర వేరు. లెక్కకు రెండవదే ఆధారం.

వ్యయం: ఇంజను 70,000, ఇంధన, శీతలీకరణ వ్యవస్థలు 20,000, బ్రేకులు, క్లచ్ 25,000, టైర్లు, బ్యాటరీ 30,000, వైరింగు 15,000, టింకరింగ్, పెయింటింగ్ 80,000, సీట్లు, లోపలి గుడ్డ 25,000. మొత్తం 2,65,000 రూపాయలు. విప్పిన తరువాత బయటపడే లోపాల కోసం 20 శాతం, అంటే 53,000. కాగితాలకు, తరలింపుకు 30,000. అన్నీ కలిపి 3,48,000. నడిచే కారు ధరలోనుండి ఇది పోగా మిగిలేది 52,000 రూపాయలు.

కారు బరువు సుమారు 1,100 కిలోలు. కిలో 30 రూపాయలనుకుంటే తుక్కు విలువ 33,000. తుక్కు వ్యాపారి చెప్పిన ధరకు, ఈ లెక్కకు మధ్య పెద్ద అంతరం లేదని పైకి అనిపిస్తుంది. ఇక్కడే రెండు పరీక్షలు అవసరం.

7.1 మొదటి పరీక్ష: స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి, కొన్ని రోజుల తరువాత చేతి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. ఇంజను వదులై తిరిగి, ఒత్తిడి సరిగా ఉన్నదంటే ఇంజను ఖర్చు 70,000 నుండి 20,000కు పడిపోతుంది. అప్పుడు మరమ్మతు 2,15,000, అనూహ్య వ్యయం 43,000, కాగితాలు, తరలింపు 30,000, మొత్తం 2,88,000. మిగిలేది 1,12,000 రూపాయలు. అంటే కొంచెం నూనె, కొంత ఓపిక విలువ ఈ ఉదాహరణలో 60,000 రూపాయలు. అమ్మకందారు ఈ పరీక్షను కొనుగోలుదారు వచ్చేలోపే చేయించుకోవడం మంచిది. పట్టేసిన ఇంజనును బలవంతంగా స్టార్టరుతో తిప్పే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయరాదు.

7.2 రెండవ పరీక్ష: కారు మీద ఉన్నది కంపెనీ రంగేనా? అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి తలుపుల అంచుల వెంట జరిపితే, లప్పం నింపిన చోట అది పట్టదు. రేకు గట్టిగా ఉండి, పాత రంగు వెలిసినా నిలిచి ఉన్నదంటే, దాన్ని అలాగే ఉంచడం ఒక మార్గం. పెయింటింగ్, సీట్ల ఖర్చు 1,05,000, దానిపై అనూహ్య వ్యయం 21,000. మొత్తం 1,26,000 ఆదా అవుతుంది. అలా వెలిసిన రంగుతో నడిచే కారు 4,00,000 పలకదు, 3,20,000 మాత్రమే పలుకుతుందనుకుందాం. ఇంజను తిరిగే కారుకు మిగిలిన మరమ్మతు 1,10,000, అనూహ్య వ్యయం 22,000, కాగితాలు, తరలింపు 30,000, మొత్తం 1,62,000. మిగిలేది 1,58,000 రూపాయలు. 1,26,000 ఖర్చుపెట్టి వేసే కొత్త రంగు, ధరను 80,000 మాత్రమే పెంచింది. ఖర్చు వేరు, విలువ వేరు అన్న సూత్రానికి ఇదే నిదర్శనం.

ఒకే కారుకు 52,000, 1,12,000, 1,58,000 అనే మూడు జవాబులు వచ్చాయి. మూల్యాంకనం ఫలితం ఒక అంకె కాదు, ఒక పరిధి. ఆ పరిధిలో ఎక్కడ నిలబడాలో పరీక్షలు చెబుతాయి.

8. అసలుతనం – చరిత్ర విలువ:

నిలిచిపోవడమే విలువగా మారిన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఒక వైద్యుని గ్యారేజీలో దాదాపు అర్ధశతాబ్దం ఉండిపోయిన బుగాటి 57ఎస్ అటలాంట్ కారు 2009లో పారిస్ వేలంలో 34 లక్షల యూరోలు పలికింది. 2015 ఫిబ్రవరిలో అదే పారిస్‌లో, ఫ్రాన్సులోని ఒక కుటుంబం షెడ్లలో దశాబ్దాలపాటు ఉన్న 59 కార్లను దుమ్ము కూడా తుడవకుండా వేలం వేశారు. వాటిలోని ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ 1.6 కోట్ల యూరోలు దాటింది. ఈ వార్తలే మన షెడ్లలో ఆశలు రేపుతుంటాయి. అయితే ఆ ధర దుమ్ముకు కాదు. కొద్ది సంఖ్యలోనే తయారైన ఆ మోడళ్లకు నిల్వ వల్ల రక్షింపబడిన అసలుతనం తోడైంది. లక్షలలో తయారైన కారుకు దుమ్ము అటువంటి విలువను ఇవ్వజాలదు.

మన ప్రాంతంలో చరిత్ర విలువకు ఉదాహరణ నిజాముల కార్లు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, 1911లో ఆయన మరణించిన తరువాత వచ్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. దాన్ని బజారు ధరతో కొలవడం సరికాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం చారిత్రక ప్రాధాన్యం ఉన్న వందేళ్ల వస్తువులను పురావస్తువులుగా పరిగణించి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకుండా నిషేధిస్తుంది. ఎంత పాతదైతే అంత బజారు అన్న భావన కూడా అన్నివేళలా నిజం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సామాన్య కారుకు కూడా చిన్నపాటి చరిత్ర ఉంటుంది. మొదటి కొనుగోలు రశీదు, సర్వీసు పుస్తకం, కొత్త కారు పక్కన కుటుంబం నిలబడిన ఫొటో, ఒకే కుటుంబం పేరుతో సాగిన రిజిస్ట్రేషన్ పత్రం – ఇవి ఆధారాలు. 'ఒక పెద్ద అధికారి కారు' అన్న మాటకు ఆధారం లేనంతవరకు ధరలో దానికి చోటు లేదు. అదే విధంగా ఇన్నేళ్లూ షెడ్డు ఇచ్చిన ఖర్చును, జ్ఞాపకాల బరువును అమ్మకందారు ధరలో కలపరాదు. వాటిని కొనుగోలుదారు కొనడం లేదు.

9. అమ్మకం తరువాతి బాధ్యత – పన్ను:

వ్యక్తిగత వాడకపు వస్తువుల అమ్మకంపై వచ్చే లాభానికి మూలధన లాభాల పన్ను ఉండదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం చెప్పింది. షెడ్డులోని కారు ఈ కోవలోకి వస్తుందా? 1983లో 20,000 రూపాయలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్ కారును 21 లక్షలకు అమ్మిన ఒకరి విషయంలో ఈ ప్రశ్నే తలెత్తింది. కారు వ్యక్తిగతంగా వాడగలిగినదైతే సరిపోదు, వాడినట్లు ఆధారం ఉండాలని బొంబాయి హైకోర్టు 2025లో అభిప్రాయపడింది. యజమాని ఓడిపోయాడు. కాబట్టి పాత సర్వీసు బిల్లులు, బీమా పత్రాలు చిత్తు కాగితాలు కావు. నిలిచిపోయే ముందు ఆ కారు ఒక కుటుంబాన్ని మోసిందని చెప్పగలిగేవి అవే.

10. ముగింపు:

పై పరిశీలనను బట్టి తేలిన అంశాలు ఇవి:

1. దీర్ఘకాలం నిలిచిన కారుకు వయసు పట్టికలు పనికిరావు. నడిచే కారు ధరలోనుండి పునరుద్ధరణ వ్యయాన్ని, అనూహ్య వ్యయాన్ని, కాగితాల ఖర్చును తీసివేయగా మిగిలేదే సరసమైన ధరకు ప్రాతిపదిక.
2. తుక్కు విలువ ఈ పరిధికి కింది హద్దు మాత్రమే. కాగితాలు సక్రమంగా ఉండి, ఇంజను తిరిగే కారును ఆ ధరకు ఇవ్వడం నష్టం.
3. అమ్మేముందు కారుకు రంగు వేయించడం చాలా సందర్భాలలో పెట్టిన ఖర్చును తిరిగి తీసుకురాదు. అసలుతనాన్ని మాత్రం శాశ్వతంగా పోగొడుతుంది.
4. వారసత్వ బదిలీని కారు యజమాని మరణించిన మూడు నెలలలో పూర్తి చేసుకోవడం, ఏ మెకానిక్ చేయగల మరమ్మతు కంటే విలువైనది.
5. విదేశీ వేలాల ధరలు మన కార్లకు కొలబద్ద కావు.

ధర కట్టడమంటే కారును తక్కువ చేయడం కాదు. ఇంటిలో ఒకరుగా బతికిన వాహనాన్ని, దాన్ని మళ్లీ రోడ్డెక్కించగల చేతులకు చేర్చడానికి అది తొలిమెట్టు. తక్కువకు అమ్మితే అది తుక్కు దుకాణంలో విడిపోతుంది. ఎక్కువ ఆశిస్తే మరో వర్షాకాలం షెడ్డులోనే కూలిపోతుంది. రెండింటిలోనూ పోయేది కారే. లెక్క తెలిసిన ఇద్దరి మధ్య కుదిరే బేరమే దానికి మిగిలిన రక్షణ.